బేగం ఒళ్ళోకి వచ్చిన వైనం

మా మనవరాలు ఆయేషా తలుపు తీయగానే నేను మొదట చూసింది దాని మొహాన్ని కాదు, చేతుల్ని. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రటి గీతలు. కొన్ని ఎండినవి, కొన్ని ఆ ఉదయానివే. హన్మకొండలో కొత్తగా కొనుక్కున్న ఫ్లాటు చూడమని నెల నుంచి పోరుతుంటే, మోకాళ్ళ నొప్పికి లిఫ్టు ఉందని రూఢి చేసుకున్నాకే బయల్దేరాను. గుమ్మంలోనే దాని చెయ్యి పట్టుకుని వెలుతురు వైపు తిప్పాను.

"ఎప్పట్నించి పెంచుతున్నవే కుందేలును?"

ఆయేషా నోరు తెరిచింది. "నీకెవలు చెప్పిండ్రు నానీ? మమ్మీకి గూడ చెప్పలే నేను."

"ఎవలు చెప్పాలె? పిల్లి గీరితె సన్నగ, వంకరగ ఉంటయి. ఇవి జంటగ ఉన్నయి సూడు. వెనక కాళ్ళతోని తన్నింది. నువ్వు రొమ్ము కింద పట్టి లేపినవు, కాళ్ళు గాలిల ఏలాడినయి. అవునా, కాదా?"

అది సోఫా వైపు చూసింది. సోఫా కింద చీకట్లో గోధుమరంగు ముద్ద ఒకటి, దాని మీద రెండు చెవులు. పేరు కోకో అట. ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకునే పిల్ల, తోడుగా ఉంటుందని తెచ్చుకుంది. తిండి పెడితే తింటుంది, గదంతా తిరుగుతుంది. చెయ్యి వేస్తే మాత్రం పిచ్చెత్తినట్టు తన్నుతుంది. గోళ్ళు పెరిగి వంకర పోతున్నాయి, కత్తిరించకపోతే కాలు పాడవుతుందని పశువుల డాక్టరు చెప్పాడు. కత్తిరించాలంటే పట్టుకోవాలి కదా.

"వీడియోలన్ని చూసిన నానీ. టవల్ల చుట్టిన. గ్లౌజులు ఏసుకున్న. ఏం లాభం లే. ఆదివారం మా ఫ్రెండ్ వచ్చి తీస్కపోతనన్నది, ఇచ్చేస్త." ఆ మాట అంటూనే కళ్ళు తుడుచుకుంది. "నేనంటేనే దానికి పడదు."

చెప్పులు విప్పబోతున్నదాన్ని అలాగే నిలబడిపోయాను. ఈ మాట నాకు తెలుసు. కొత్తవాడలో మా ఇంటి ముందు గదిలో, ఇదే గొంతుతో, ఇదే ఉక్రోషంతో నేను అన్న మాట ఇది. తేదీలు రాసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. లెక్కల టీచరుగా పనిచేసిన కాలంలో అది మరింత ముదిరింది. ఆ రోజు ఏ వారమో, ఏ నెలో ఇప్పుడు అడిగినా చెప్పగలను. ఇక్కడ మాత్రం రాయను. ఈ జ్ఞాపకానికి కావలసిన కొలత వేరే ఉంది.

మా ఇల్లు జంపఖానాలు నేసే ఇల్లు. ముందు గదిలో సగానికి పైగా గుంత మగ్గమే ఉండేది. నేలలో గొయ్యి తవ్వి, ఆ గొయ్యిలో కాళ్ళు పెట్టుకుని, కింద ఉన్న కర్రలు తొక్కుతూ నేసే మగ్గం అది. మిగతా ఇళ్ళలో నేసేవాళ్ళు గుంత అంచున నేల మీదే కూర్చునేవారు. మా ముత్తాత బాగా పొడగరి అట, ఆయన తన ఒడ్డూ పొడుగూ చూసుకుని గుంతను లోతుగా తవ్వించి, కూర్చునే పలకను నేల మట్టం కంటే కిందికి దింపించాడు. ఆ తర్వాత మా ఇంట్లో అంత పొడుగు మనిషి పుట్టలేదు. అందువల్ల మా నాన్న, మా అబ్బా, ఆ పలక మీద కూర్చుంటే నేల ఆయన నడుము పైదాకా వచ్చేది. వాకిట్లోంచి చూసేవాళ్ళకు సగం మనిషి భూమిలో నాటుకుని నేస్తున్నట్టు కనిపించేవాడు. పడుగు దారాలు ఆరకుండా ఎండాకాలం గుంతలో నీళ్ళు చల్లేవాళ్ళు. ఆ తడి మట్టి వాసన, నూలుకు పట్టించిన గంజి వాసన, పెరట్లో ఉడికే రంగు నీళ్ళ వాసన, మా నాన్నమ్మ నమిలే జర్దా వాసన కలిసి మా ఇంటికి తనదైన గాలి ఒకటి ఉండేది. బడి నుంచి వస్తూ సందు మలుపులోనే ఆ గాలి తగిలేది. ఆ వెంటనే అబ్బా చేతిలోని పంజా చప్పుడు వినిపించేది. పంజా అంటే ఇనప దువ్వెన లాంటిది; అడ్డదారం వేసినప్పుడల్లా దాన్ని గట్టిగా కిందికి కొట్టి అదుముతారు. ఆ చప్పుడు ఆగిందంటే నమాజు వేళో, అన్నం వేళో అయిందన్న మాట. మా ఇంట్లో గడియారం లేని లోటు నాకెప్పుడూ తెలియలేదు.

ఇంటి పెత్తనం అబ్బా వాళ్ళ అమ్మది, మా దాదీది. గుమ్మం పక్కన చరఖా పెట్టుకుని కూర్చుని, కండెలకు నూలు చుడుతూ, వీధిని ఒక కంటితో, మమ్మల్ని ఇంకో కంటితో చూసేది. తెల్లవారితే పెరట్లో రంగు గాబు దగ్గర ఉండేది. నూలు చిలపలను, అంటే చుట్టి కట్టిన నూలు కట్టలను, రంగులో ముంచి తీయడం ఆడవాళ్ళ పని. ఆ పనిలో దాదీ చేత తిట్లు తినని ఆడపిల్ల మా వంశంలో లేదు. తడిసిన చిలప చాలా బరువుగా ఉంటుంది. ఒక కొస పట్టుకుని లేపితే మిగతాదంతా జారి, వేలాడి, చిక్కుపడి మట్టిలో పడుతుంది. "కింద చెయ్యి పెట్టు! బరువు ఏలాడొద్దు. రెండు మోచేతుల మీద పండుకోవెట్టి తియ్యి. ఎన్నిసార్లు చెప్పాలె నీకు, చెవులకు దూది పెట్టుకున్నవా?" అని ఆమె అరిస్తే పక్కింటి కోడళ్ళు కూడా ఉలిక్కిపడి తమ చిలపల కింద చేతులు పెట్టేవారు.

దాదీ దగ్గర ఇంకో కట్టడి ఉండేది. మగ్గం గుంతలో ఆడపిల్ల కాలు పెట్టకూడదు. నూలు చుట్టొచ్చు, రంగు వేయొచ్చు, గంజి పట్టించొచ్చు, పడుగు సాగదీయడానికి సాయం పట్టొచ్చు. గుంతలో దిగడం మాత్రం మగవాళ్ళ వంతు. ఎందుకని అడిగాను. "మా అత్త దిగలే, నేను దిగలే, మీ అమ్మ దిగలే" అంది. అది నాకు జవాబుగా తోచలేదు. లెక్క చేయకుండా చివర సంఖ్య మాత్రం రాసి చూపించినట్టు అనిపించింది. కానీ మా ఇంట్లో దాదీ చెప్పిన సంఖ్య కింద గీత గీసి ఊరుకోవాల్సిందే.

అలాంటి ఇంట్లోకి బేగం వచ్చింది. అబ్బా తమ్ముడు రహీం చాచా జంపఖానాలు మూటకట్టి తొర్రూరు అంగడికి తీసుకుపోయి అమ్మేవాడు. ఒకసారి తిరిగి వస్తూ చిల్లులున్న వెదురు గంపలో తెల్లటి కుందేలును తెచ్చి నా ముందు పెట్టాడు. ఒంటి మీద మచ్చ లేదు. కళ్ళు మాత్రం పండిన రేగుపళ్ళు. దాన్ని చూసిన సంతోషంలో నేను గబుక్కున ఎత్తుకున్నాను. అది తన్నింది, గీరింది, నా భుజం మీదుగా దూకి అన్నం గిన్నెలో పడి, అక్కడ నుంచి నీళ్ళ కుండల వెనక్కు పోయింది. మా అమ్మ కొంగుతో నా మోచేయి తుడుస్తూ, "చెయ్యి తగిలితే చాలు మూతి తిప్పుకుంటాంది. ఏ మహల్ల పుట్టిందో ఈ బేగం" అంది. పేరు అలా స్థిరపడింది.

పగలంతా బేగం ఇంట్లో తిరిగినా ఎవరికీ ఇబ్బంది లేదు. గరిక, ముల్లంగి ఆకులు, కొత్తిమీర కాడలు తిని పడుకునేది. పొద్దుగూకే వేళకే రభస మొదలయ్యేది. అందరూ పడుకున్నాక అది నూలు కొరుకుతుందని, దీపం పెట్టకముందే పట్టుకుని చెక్కపెట్టెలో వేయాలని దాదీ హుకుం. చాచా చెవులు పట్టి లేపేవాడు. అడవిలో అలాగే పడతారని, ములుగు వైపు వేటగాళ్ళు అలా మోసుకుపోవడం తాను కళ్ళారా చూశానని వాదించేవాడు. వాళ్ళు మోసుకుపోయేవి ప్రాణం పోయినవని మా అమ్మ అంటే వినేవాడు కాదు. అమ్మ పైనుంచి గంప బోర్లించేది. నేను మంచం కింద పాకి, కాళ్ళు పట్టి లాగేదాన్ని. ఎవరి పద్ధతిలో పట్టినా చివరికి ఎవరో ఒకరి చేతికి పసుపు రాయాల్సి వచ్చేది.

ఒక్క అబ్బా దగ్గరికి మాత్రం అది తనంతట తాను పోయేది. ఆయన నేస్తుంటే వచ్చి మోచేతి పక్కన, మగ్గం చట్రానికి ఆనుకుని, కాళ్ళు చాపి పడుకునేది. పంజా చప్పుడుకు బెదిరేది కాదు. "మా అన్న చేతుల బర్కత్ ఉన్నది" అనేవాడు చాచా, అదేదో దేవుడిచ్చిన చలవ అన్నట్టు. నాకు కడుపు మండేది. గడ్డి కోసేది నేను, పెట్టె కడిగేది నేను, కొత్తిమీర కోసం కూరగాయల ముసలమ్మను బతిమాలేది నేను. ఒక్కనాడూ గరికపోచ అందించని అబ్బా దగ్గర అది రాణిలా పడుకునేది.

రంజాను దగ్గర పడుతోంది. ఒక మసీదు కోసం అబ్బా పొడవాటి జంపఖానా నేస్తున్నాడు. దాని పొడుగునా పక్కపక్కనే కమానులు వస్తాయి. ఒక్కో కమాను దగ్గర ఒక్కో మనిషి నిలబడి నమాజు చేస్తాడు. కమాను వంపు ఒక్క పోగు తేడా వచ్చినా పక్కదానితో కలవదు. అందుకని ఆ నెలంతా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. అలాంటి ఒక సాయంత్రం చాచా బేగాన్ని చెవులు పట్టి లేపాడు. అది గాలిలోనే మెలిక తిరిగి ఆయన పొట్ట మీద తన్ని, విడిపించుకుని, సాగదీసిన పడుగు మీద పడింది. గోళ్ళు దారాల్లో ఇరుక్కున్నాయి. పెనుగులాటలో పడుగు పోగులు పటపటా తెగాయి.

పంజా ఆగింది. అబ్బా గుంతలోంచి ముందుకు వంగాడు. దారాల్లోంచి దాని గోళ్ళు విడిపించాడు, అది పారిపోయింది, ఆయన దీపం దగ్గరికి జరుపుకుని తెగిన పోగులు ఒక్కొక్కటే ముడివేయడం మొదలుపెట్టాడు. తిట్టి ఉంటే బాగుండునని అనిపించింది. దాదీ చరఖా పక్కకు నెట్టింది.

"వచ్చే అంగడికి అది తొర్రూరు పోతది" అంది. "యాడికెల్లి వచ్చిందో ఆడికే."

నేను ఏడుపు అందుకున్నాను. అమ్మ వెళ్ళి దాదీ కాళ్ళ దగ్గర కూర్చుని ఏదో సర్దిచెప్పబోయింది. దాదీ జర్దా దవడకు నెట్టుకుని అంది: "సరే. అంగడి వచ్చె లోపట ఈ పోరి దాన్ని రెండు చేతుల్తోని పట్టాలె. అది ఎగురొద్దు, గీరొద్దు. నా కండ్ల ముంగట పెట్టెల పెట్టాలె. పెడితె ఉంటది. లేకుంటె పోతది. ఇంక ఒక్క మాట మాట్లాడద్దు నాతోని."

"నేనంటేనే దానికి పడదు దాదీ!"

"పడనిదాన్ని పట్టుకొని ఏడుసుడెందుకు మరి?"

ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. కొత్తిమీర చూపించి పిలిచాను, తిని పారిపోయింది. గోనెసంచి కప్పాను, లోపలే గిలగిల కొట్టుకుంటుంటే నాకే భయమేసి వదిలేశాను. పట్టడం మానేసి, వసారా స్తంభానికి ఆనుకుని దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఓడిపోయినవాళ్ళ కూర్చోవడమే అది. కానీ చూస్తూ కూర్చోవడం వల్లే రెండు సంగతులు కనబడ్డాయి.

మొదటిది, వాకిలి మీదుగా గద్ద ఎగిరినప్పుడు బేగం నేలకు అతుక్కుపోయింది. చెవులు వీపు మీద పడుకోబెట్టి, కన్ను ఆర్పకుండా, రాయిలా అయింది. నేను లేచి దాని దగ్గరికి నడిచినప్పుడు కూడా సరిగ్గా అలాగే అయింది. చాచా వచ్చినా అంతే, అమ్మ వచ్చినా అంతే. అందరి నీడా దాని మీద పైనుంచి పడేది.

రెండోది మగ్గం దగ్గర జరిగింది. అబ్బా నేస్తున్నాడు, బేగం ఆయన మోచేతి పక్కనే పడుకుని ఉంది. దాహమేసి ఆయన గుంతలోంచి లేచి, నేల మీద నిలబడి, కుండ వైపు ఒక అడుగు వేశాడు. బేగం తుపాకీ గుండులా మంచం కిందికి పోయింది! ఆయన నీళ్ళు తాగి, మళ్ళీ గుంతలో దిగి, పంజా అందుకున్నాడు. కాసేపటికి అది మెల్లగా వచ్చి మళ్ళీ మోచేతి పక్కన పడుకుంది. అదే మనిషి, అవే చేతులు, అదే చొక్కా. మారింది ఒక్కటే, ఎత్తు. బర్కత్ అబ్బా చేతుల్లో లేదు, మా ముత్తాత తవ్వించిన గుంతలో ఉంది. ఆ తర్వాత జీవితంలో ఎన్నో లెక్కలు చేశాను, పిల్లల చేత చేయించాను. జవాబు దొరికినప్పుడు ఒళ్ళు అలా జల్లుమనడం మాత్రం అదే మొదలు.

కానీ జవాబు సరిచూసుకోవాలి కదా. గుంతలో అబ్బా కాకుండా ఇంకొకరు కూర్చుని చూడాలి. జుమ్మా నమాజుకు అబ్బా, చాచా వెళ్ళారు. దాదీ లోపలి గదిలో నమాజు చేసుకోవడానికి జానిమాజు పరుచుకుంది. అమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చేస్తోంది. నేను పావడా ఎత్తి పట్టుకుని గుంతలో దిగాను. పలక చల్లగా, అబ్బా కూర్చుని కూర్చుని గుంటపడి ఉంది. నేల నా రొమ్ము దాకా వచ్చింది. అక్కడ నుంచి చూస్తే అది మా గదే కాదు. మంచం కోళ్ళు తాటిచెట్లంత ఉన్నాయి, దాదీ చరఖా ఎడ్లబండి చక్రమంత ఉంది. ఎదురుగా, నా మొహానికి సమానంగా, బేగం మొహం.

చేతులు నేల మీద చాపి ఊరుకున్నాను. అది వచ్చింది. నా వేళ్ళు వాసన చూసింది. గడ్డం తెచ్చి నా మణికట్టుకు రాసింది. నేను కదలలేదు. ఇంకాస్త జరిగి, అబ్బా పక్కన పడుకున్నట్టే, నా మోచేతికి ఆనుకుని పడుకుంది. అప్పుడు దాదీ తిట్లు గుర్తొచ్చాయి. కింద చెయ్యి పెట్టు, బరువు ఏలాడొద్దు. ఒక చేతిని దాని రొమ్ము కిందికి, ఇంకో చేతిని వెనక కాళ్ళ కిందికి, తడి చిలప కింద జార్చినట్టు జార్చి, నా వైపు లాక్కున్నాను. పైకి లేపాల్సిన పనే లేదు, నేల నా రొమ్ము ఎత్తులోనే ఉంది. నేలను వదిలానని బేగానికి తెలిసేసరికి అది నా ఒళ్ళో ఉంది. దాని తల నా మోచేతి వంపులో దూరింది. గుండె టకటకా కొట్టుకుంటోంది. దానిదా, నాదా అని చెప్పలేను.

తల ఎత్తితే గుమ్మంలో అబ్బా నిలబడి ఉన్నాడు. టోపీ ఇంకా తీయలేదు. ఆయన నన్ను చూశాడు, కుందేలును చూశాడు, గుంతను చూశాడు.

"తొక్కుడు కర్రల మీద కాళ్ళు పెట్టకు. పడుగు కదుల్తది" అన్నాడు నెమ్మదిగా. తర్వాత, "దాదీకి ఎరుకేనా?"

"లేదు అబ్బా."

"అయితె నువ్వే చెప్పాలె. దొంగతనంగ గెలిస్తె అది గెలిచినట్టు గాదు బిడ్డా."

అంగడి రేపనగా, మధ్యాహ్నం అన్నాలయ్యాక, దాదీ ముందు నిలబడ్డాను. చాచా మూటలు కడుతున్నాడు. వెదురు గంప పక్కనే సిద్ధంగా ఉంది.

"దాదీ, బేగాన్ని పడ్త. కాని గుంతల కూసోని పడ్త."

చరఖా ఆగింది. చాచా విరగబడి నవ్వాడు. "గుంతల దాక్కోని పట్టుడు గూడ పట్టుడేనా? తోడేలు లెక్క!"

"ఆడపిల్ల గుంతల కాలు పెడుతదా?" దాదీ గొంతు లేచింది. "ఎవలు నేర్పిండ్రే నీకు గీ మాటలు?"

వేళ్ళు మడిచి లెక్కపెడుతూ చెప్పాను. "నువ్వు రెండు చేతుల్తోని పట్టుమన్నవు. ఎగురొద్దన్నవు, గీరొద్దన్నవు. నీ ముంగట పెట్టెల పెట్టుమన్నవు. యాడ కూసోని పట్టాల్నో చెప్పలే. ఇంక ఒక్క మాట మాట్లాడద్దని గూడ నువ్వే అన్నవు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. దాదీ నన్ను చూసింది, కొడుకును చూసింది. అబ్బా గుంతలోంచి లేచాడు. భుజం మీది తువ్వాలుతో పలక తుడిచాడు. "కూసో" అన్నాడు. దిగాను.

"చాచా, నువ్వు గూడ కూసో. నిలబడ్డోళ్ళు దానికి గద్దల లెక్క కనవడ్తరు."

"నన్ను గద్ద అంటాంది సూడు!" అన్నాడు గానీ కూర్చున్నాడు. అందరూ కూర్చున్నారు. గుమ్మంలో పోగైన పక్కింటి ఆడవాళ్ళు కూడా కూర్చున్నారు. మా ఇంట్లో అందరూ నా మాట విన్న మొదటి రోజు అది.

బేగం తొందరపడలేదు. చెవి గోక్కుంది. గంప వాసన చూసింది. చాచా దగ్గితే ఆగిపోయింది; దాదీ ఆయన వైపు ఒక్క చూపు చూసింది, దగ్గు సగంలో ఆగింది. బేగం మగ్గం చట్రం వెంబడి వచ్చి, నా వేళ్ళు మూచూసి, మోచేతికి ఆనుకుంది. చేతులు జార్చాను. ఒళ్ళోకి తీసుకున్నాను. గుమ్మంలో ఎవరో "యా అల్లా" అన్నారు.

"ఆడ్నే కూసుంటవా పొద్దుమూకెదాక? పెట్టె ఈడున్నది" అన్నాడు చాచా.

నిజమే. పెట్టె గది అవతల ఉంది. నేను పలక మీద కాలు పెట్టి నెమ్మదిగా నిలబడ్డాను. అబ్బా మోచేతి కింద ఆసరా ఇచ్చాడు, నేల మీదికి వచ్చాను. దాని వెనక కాళ్ళు నా ముంజేతి మీద ఆనుకునే ఉన్నాయి, ఏమీ వేలాడటం లేదు. గది దాటాను. పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, వెనక కాళ్ళు ముందు నేలకు తగిలేలా దించాను. అది లోపలికి నడిచి, ఒకసారి ఒళ్ళు దులుపుకుని, ముల్లంగి ఆకు కొరికింది.

అమ్మ చప్పట్లు కొట్టింది. చాచా లేచి, "అంతేనా? ఇటియ్యి, నేను గూడ పడ్త" అని పైనుంచి పెట్టెలో చెయ్యి పెట్టాడు. బేగం కొరికిన ఆ మచ్చ ఆయన బొటనవేలి మీద చివరిదాకా ఉంది. దాదీ నవ్వడం మొదలుపెట్టింది. జర్దా నోటితో, భుజాలు కదిలిపోతూ, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "చిలపను పట్టినట్టు పట్టింది" అంది గుమ్మంలోని ఆడవాళ్ళతో. "సూసిండ్రా? ఏలాడనియ్యలే. నేను నేర్పిన పట్టే అది."

గంప అటకెక్కింది. దాదీ మళ్ళీ చరఖా అందుకుని, "బేగం ఉంటది. నువ్వు మాత్రం ఇంక గుంతల దిగకు" అంది.

అబ్బా తల్లి మాటకు ఎదురు చెప్పగా నేను విన్నది ఆ ఒక్కసారే. "దిగింది గదమ్మా. గుంత కూలిందా? పడుగు తెగిందా? నువ్వు నేర్పిన చేతులే అవి. కూసోనియ్యి."

దాదీ చేతిలోని కండె నిండేదాకా చుట్టింది. ఆమె ఓడిపోయినప్పుడు ఓడిపోయానని చెప్పే మనిషి కాదు. "కూసుంటె ఉత్తగ కూసోవద్దు" అంది చివరికి, నా వైపు చూడకుండా. "పని నేర్సుకోవాలె."

ఆ సాయంత్రమే అబ్బా నా చేతికి పంజా ఇచ్చాడు. రంజానుకు మసీదుకు పోయిన ఆ జంపఖానాలో చివరి కమాను అంచు నేను నేసినది. కొంచెం బిగువు ఎక్కువైంది. చూసేవాళ్ళకు తెలియదు, నాకు తెలుసు. ఆ తర్వాత బడి నుంచి వచ్చి రోజూ గుంతలో దిగేదాన్ని. పొద్దుగూకే వేళకు మోచేతి పక్కన బేగం పడుకునేది. ముసలిదయ్యేదాకా మా ఇంట్లోనే ఉంది. రహీం చాచా మాత్రం ప్రతి పెళ్ళిలోనూ, కుందేలును పట్టడం షమీకి, అంటే నాకు, తానే నేర్పానని చెప్పేవాడు. ప్రతి పెళ్ళిలోనూ నేను లేచి సరిదిద్దేదాన్ని. ఆయన బొటనవేలు చూపించమంటే చాలు, అందరూ నవ్వేవాళ్ళు, ఆయన కూడా.

ఆయేషా ఇంట్లో సోఫా మీద కూర్చుని ఇదంతా చెప్పాను. అది విని, "బాగుంది నానీ, కాని ఈడ గుంత యాడ తవ్వాలె? కింద ఇంకొకల్ల ఇల్లున్నది" అంది. నవ్వొచ్చింది. నేల మీద పడుకుంటే సరిపోతుందా అంది. పడుకుంటే దాని చేతులకు పట్టు చిక్కదు. నా మోకాళ్ళకైతే నేల అనే మాటే లేదు. ఆ ఫ్లాటంతా చుట్టి చూశాను. అన్నీ చక్కగా, చదునుగా, మెరుస్తూ ఉన్నాయి. కూర్చోవడానికి ఎత్తైన సోఫాలు, ఎత్తైన మంచం, ఎత్తైన కుర్చీలు. మా గుంత మీద నాకు అనవసరమైన మురిపెం లేదు. ఆ చెమ్మలో కూర్చుని అబ్బా మోకాళ్ళు పోయాయి, నా మోకాళ్ళకు కూడా అందులో వాటా ఉంది. ఈ పిల్ల తన సంపాదనతో, తన పేరు మీద ఇల్లు కొనుక్కుంది. ఏ గుంతలో దిగడానికీ ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. అది చూసి నాకు కలిగిన గర్వం చిన్నది కాదు. ఒక్క సంగతి మాత్రం గమనించాను. ఈ ఇంట్లో కిందికి దిగి కూర్చునే చోటు ఎక్కడా లేదు.

వీధి తలుపు తీసి బయటికి వచ్చాను. లిఫ్టు పక్కన మెట్లు. ఎవరూ అంతగా వాడని మెట్లు. కమ్మీ పట్టుకుని దిగుతూ, ప్రతి మెట్టు దగ్గరా ఆగి, పైన చదును నా ఒంటికి ఎక్కడిదాకా వస్తుందో చూసుకున్నాను. ఒక చోట సరిగ్గా కుదిరింది. పక్కకు తిరిగి కూర్చుంటే కాళ్ళు కింది మెట్ల మీద, చేతులు పైన చదును మీద, చదును రొమ్ము దాకా. మా ముత్తాత చూసి ఉంటే మెచ్చుకునేవాడు.

"ఇంట్ల తలుపు తెరిచి పెట్టు. పై అంతస్తు మెట్లకు, లిఫ్టు ముంగట అట్టపెట్టెలు అడ్డం పెట్టు. వచ్చి నా పక్కకు కూసో. దాన్ని పిలువకు. చేతులు చాపి ఊకో, అంతే."

ఆయేషా వచ్చి నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. ఫోను తీయబోతే లోపల పెట్టించాను. చాలాసేపటికి గడప మీద రెండు చెవులు కనిపించాయి. కోకో ఆగింది, మమ్మల్ని చూసింది. మా మొహాలు దాని మొహానికి సమానంగా ఉన్నాయి. వచ్చింది. నా చెయ్యి వదిలేసి ఆయేషా వేళ్ళ దగ్గరికి పోయింది. గడ్డం తెచ్చి పిల్ల మణికట్టుకు, ఆ ఎర్రటి గీతల మీదే, రాసింది.

"నానీ," అంది ఆయేషా, గుసగుసగా.

"కింద చెయ్యి పెట్టు. బరువు ఏలాడొద్దు. రెండు మోచేతుల మీద పండుకోవెట్టి తియ్యి." నా గొంతులో దాదీ గొంతు నాకే వినిపించింది. పిల్ల చేతులు కిందికి జారాయి, దగ్గరికి తీసుకున్నాయి. కోకో తల ఆయేషా మోచేతి వంపులో దూరింది. నేను జేబురుమాలులోంచి గోళ్ళ కత్తెర తీశాను. సోఫా దగ్గర కథ చెబుతూనే దాన్ని అందుకుని పెట్టుకున్నాను. ముందు కాళ్ళవి ఆ కూర్చోవడంలోనే కత్తిరించాం. వెనక కాళ్ళవి రేపటికి వదిలాం, ఒక్కసారే అన్నీ అడగకూడదు. ఫ్రెండుకు రావద్దని చెప్పడానికి ఆయేషాకు చెయ్యి ఖాళీ లేదు. తర్వాత చెబుతానంది, నవ్వుతూ, ఏడుస్తూ.

అంతలో కింది నుంచి పాల ప్యాకెట్లు పట్టుకుని ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. లిఫ్టు ఉండగా తెల్లచీర ముసలమ్మ, పక్కన ఒళ్ళో కుందేలుతో ఒక పిల్ల, దారికి అడ్డంగా కూర్చుని ఉండటం చూసి ఆగిపోయాడు.

"ఏమైందమ్మా? పడ్డరా? ఈడ కూసున్నరేంది?"

"పడలే బిడ్డా," అన్నాను. "మగ్గం మీద కూసున్నం. జర వొంగి, పక్కకెల్లి పో."